జెట్‌స్కీ బ్యాటరీకి ఛార్జింగ్ నిలబడటం లేదు (మైలవరం రిజర్వాయర్, సెకండ్ హ్యాండ్ బండి)

పెన్నాగట్టు (జమ్మలమడుగు)

మూడు సీట్ల ఫోర్ స్ట్రోక్ జెట్‌స్కీ. ముందు సముద్రంలో తిరిగిన బండి, సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. ఇప్పుడు మైలవరం రిజర్వాయర్‌లో అద్దెకు నడుస్తాంది. బ్యాటరీ 12 వోల్టులు, 18 ఆంపియర్ అవర్, సీల్డ్ ఏజీఎం (ఆసిడ్‌ను గాజు పీచులో ఇంకించిన రకం). ఈ వేసవి మొదట్లో వేసిన కొత్తదే. దానికి ముందున్నది కూడా ఇట్లే పోయింది.

పొద్దున నిండా ఛార్జ్ పెట్టి దింపితే సెల్ఫ్ గట్టిగా తీసుకుంటుంది. ఐదారు రౌండ్లయ్యేసరికి సెల్ఫ్ బరువెక్కుతుంది. ఆ తర్వాత రిలే టక్కుమని కొట్టి ఊరుకుంటుంది. ఇంటికి తెచ్చి నాలుగు రోజులు షెడ్డులో పెడితే మీటర్ 12.0 చూపిస్తాంది. ప్రొద్దుటూరులో బ్యాటరీ అంగడాయన బ్యాటరీ బాగుందంటాడు. బైక్ మెకానిక్ కాయిల్ ప్లేట్ (ఇంజన్ లోపల కరెంటు పుట్టించేది) పోయిందంటాడు. కాయిల్ ధర విన్నాక ఇక్కడ అడుగుతాండా. ముందు ఏది చూడాల?

పాపాఘ్ని_పాయ (కడప)

కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్‌ది వేసేయన్నా. రోజంతా సెల్ఫ్ కొట్టినా దిగదు.

కుందూ_కరెంట్ (నంద్యాల)

అది వద్దు, ఎందుకో కింద చెప్తా. కాయిల్ కూడా ఇప్పుడే కొనొద్దు.

"ఛార్జింగ్ నిలబడటం లేదు" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు జబ్బులుంటాయి. బ్యాటరీ తనంతట తానే లోపల దిగిపోతుండొచ్చు. బండి ఆగి ఉన్నప్పుడు ఏదో ఒకటి కరెంటు తాగుతుండొచ్చు. బండి నడిచేటప్పుడు ఛార్జే ఎక్కకపోతుండొచ్చు. పైకి మాత్రం మూడింటికీ అదే టక్కుమనే శబ్దం. ఏ జబ్బో తేలకుండా సామాను మారిస్తే డబ్బులు పోవడమే.

మొదటిదాన్ని తేల్చాలంటే బ్యాటరీని బండి నుంచి బయటికి తీయాల. సీటు ఎత్తి పది నిమిషాలు గాలి ఆడనివ్వండి, హల్ (బండి అడుగు తొట్టి) లోపల పెట్రోలు ఆవిరి నిలిచి ఉంటుంది. ముందు నెగటివ్ విప్పి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్. ఛార్జింగ్ ఎప్పుడూ హల్ బయటే, నీడలో.

18 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 2 ఆంపియర్ల ఛార్జర్ సరిపోతుంది. 14.4 నుంచి 14.7 దాకా పోయి, నిండినాక తనే 13.6 దగ్గర ఫ్లోట్‌లోకి (నిండుగా నిలిపి ఉంచే తక్కువ వోల్టేజ్) దిగే ఆటోమేటిక్ రకం తీసుకోండి. ఛార్జర్ పీకిన వెంటనే కొలిస్తే 13 పైన చూపిస్తుంది. అది పైపై ఛార్జ్, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఒక రాత్రి వదిలేసి పొద్దున కొలవండి. మంచి ఏజీఎం 12.8 దగ్గర ఉంటుంది. దాన్ని ఏ తీగా తగిలించకుండా ఇంకో రోజంతా పెట్టి మళ్లీ చూడండి. వోల్టులో రెండు మూడు వందో వంతుల కన్నా ఎక్కువ పడకూడదు. 12.5 కి జారిందంటే లోపల ఒక సెల్ పోయినట్టే, అప్పుడు అంగడాయన మాట తప్పు.

లెక్క గుర్తుండాలంటే: ఏజీఎంలో 12.8 నిండు, 12.5 ముప్పావు, 12.25 సగం, 12.0 కి పావు మిగిలినట్టు. మీ బ్యాటరీ ప్రతిసారీ ఆ పావు దగ్గర రోజుల తరబడి కూర్చుంటాంది. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడేది అప్పుడే. ముందటి బ్యాటరీ చావుకు అదే కారణం కావచ్చు.

కారు బ్యాటరీ సంగతి. ట్రేలో పట్టదు, పట్టీ బిగవదు. జెట్‌స్కీ అలల మీద కొట్టుకునే దెబ్బలకు లోపలి ప్లేట్లు విరుగుతాయి. ఆసిడ్ పోసే రకమైతే బండి తిరగబడినప్పుడు ఆసిడ్ హల్‌లో పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఛార్జ్ ఎక్కని బండిలో 35 పెట్టినా అది దిగేదే. మధ్యాహ్నం ఆగేది సాయంత్రం ఆగుతుంది, అంతే తేడా.

ఆసిడ్_అబ్బాయి (కర్నూలు)

కుందూ అన్న చెప్పినదానికి ఒకటి కలపాల. బ్యాటరీ ఎట్లా వచ్చింది? ఆసిడ్ నింపి సీలు వేసి వచ్చిందా, లేక ఆసిడ్ సీసాల ప్యాక్ విడిగా వస్తే అంగట్లో నింపినారా?

పేరు చివర బీఎస్ అని ఉండే రకాల్లో, ఉదాహరణకు వైటీఎక్స్20ఎల్-బీఎస్‌లో, ఆసిడ్ విడిగా వస్తుంది. ఆరు సీసాలూ ఒకేసారి బోర్లించి, మొత్తం దిగేదాకా కదిలించకూడదు. అరగంట నుంచి గంట ఊరనివ్వాల. ఆ తర్వాత మొదటి ఛార్జ్ పెట్టాల. మూత ఒక్కసారి నొక్కితే మళ్లీ తీయకూడదు. ఆసిడ్ పోసిన వెంటనే మీటర్‌లో 12.5 పైన కనిపిస్తుంది, అంగట్లో అది చూసి "రెడీ" అని బండిలో పెట్టేస్తారు. నిజానికి అప్పటికి నిండింది ముప్పావే. మొదటి ఛార్జ్ తప్పితే ఆ పావు తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా తిరిగి రాదు. కొత్త బ్యాటరీ తొందరగా పోవడానికి ఇది చాలా పెద్ద కారణం. ఎవరూ ఒప్పుకోరు.

ఇంకోటి, ఇంటి ఇన్వర్టర్‌కు తగిలించి ఛార్జ్ చేయొద్దు. అది 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ కోసం 10, 15 ఆంపియర్లు తోస్తుంది. చిన్న ఏజీఎం వేడెక్కి, వాల్వ్ తెరుచుకుని గ్యాసు బయటికి పోతుంది. సీల్డ్ కాబట్టి పోయిన నీళ్లు మళ్లీ పోయలేం. పొట్ట ఉబ్బిన బ్యాటరీని ఇక పరీక్షలు చేయొద్దు, స్క్రాప్‌కు ఇచ్చేయండి.

పెన్నాగట్టు

ఆసిడ్ నింపి సీలు చేసి వచ్చిందే. బయటికి తీసి ఛార్జ్ పెట్టినా. రాత్రంతా వదిలేస్తే 12.83. మరుసటి రోజుకు 12.81. బండిలో పెట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ బోల్టుల మీదే మీటర్ పెడితే 10.6 దాకా దిగి, ఇంజన్ అందుకుంది.

కుందూ_కరెంట్

బ్యాటరీని వదిలేయండి, అది మంచిది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పోతే అనుమానపడాల, 10.6 బ్రహ్మాండం. అంగడాయన చెప్పింది నిజమే.

ఇప్పుడు ఛార్జింగ్. బ్యాటరీ బోల్టుల మీద మీటర్ పెట్టి, ఇంజన్ ఐడిల్‌లో ఒకసారి, 3,500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చూడండి. చాలా మోడళ్లకు రేసు ఇచ్చినప్పుడు 14 నుంచి 14.7 మధ్య రావాల. ఐడిల్‌లో 13 పైన ఉంటే చాలు.

ఒక హెచ్చరిక. "ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీ తీగ పీకి చూడు, ఆగకపోతే ఛార్జింగ్ బాగున్నట్టు" అని పాత మెకానిక్కులు చెప్తారు. చేయొద్దు. బ్యాటరీ లేకపోతే రెగ్యులేటర్ నుంచి వోల్టేజ్ ఎగిరి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా) కాలిపోతుంది. కొన్న బండి ధరలో సగం ఆ డబ్బాకే పోతుంది.

పెన్నాగట్టు

బండి ట్రెయిలర్ మీద ఉంది. నీళ్లు లేకుండా ఎంతసేపు నడపొచ్చు?

అవుకు_నీళ్లు (బనగానపల్లె)

నీళ్లు లేకుండా 15 సెకన్లకు మించొద్దు. ఎగ్జాస్ట్ గొట్టాలు రబ్బరువి, చల్లబరిచేది బయటి నీళ్లే. లోపల కూలెంట్ ఉండే మోడళ్లకైనా ఎగ్జాస్ట్‌కు బయటి నీళ్లే దిక్కు.

ఫ్లషింగ్ కనెక్టర్‌కు పైపు తగిలించుకోండి. వరుస తప్పకూడదు. ముందు ఇంజన్ స్టార్ట్ చేయాల, తర్వాత కొళాయి తిప్పాల. ఆపేటప్పుడు ముందు కొళాయి కట్టేయాల, రెండు మూడు సార్లు రేసు ఇచ్చి గొట్టంలో నీళ్లు బయటికి పోనిచ్చి, తర్వాత ఇంజన్ ఆపాల. తిరగేసి చేస్తే నీళ్లు ఎగ్జాస్ట్ లోంచి వెనక్కి సిలిండర్లలోకి పోతాయి. బ్యాటరీ చూడబోయి ఇంజన్ దించుకోవాల్సి వస్తుంది.

పైపు మీద కూడా రెండు నిమిషాలకు మించొద్దు. ఎగ్జాస్ట్‌కు నీళ్లు అందినా, వెనక జెట్ పంపు, షాఫ్ట్ సీలు ఎండగానే తిరుగుతుంటాయి. కొలతలు ముందే సిద్ధం చేసుకుని, మీటర్ పిన్నులు బిగించుకుని స్టార్ట్ చేయండి. లేదంటే నీళ్లలోనే కట్టేసి చూడొచ్చు. హల్ కింద కనీసం మూడడుగుల లోతు ఉండాల. ఎండాకాలం మైలవరంలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఒడ్డున బురద, గులకరాళ్లే ఉంటాయి. ఒక్క రాయి పీల్చిందంటే ఇంపెల్లర్ (జెట్ పంపులో నీళ్లు తోసే చక్రం) అంచు పోతుంది. ఇంజన్ నడిచేటప్పుడు కింది జాలీ దగ్గర పిల్లలను, తాళ్లను ఉండనివ్వొద్దు.

పెన్నాగట్టు

పైపు మీద చూసినా. ఐడిల్ 12.5. 3,500 దగ్గర 12.7. అంటే కాయిల్ పోయినట్టేనా?

హంద్రీ_వైండింగ్ (కర్నూలు)

ఛార్జ్ ఎక్కడం లేదనేది ఖాయం. కాయిల్ అని మాత్రం ఇంకా అనలేం. మాగ్నెట్ కాయిల్, ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫయర్), ఫ్యూజు, వైరింగ్, ఈ నాలుగింటిలో ఏదైనా కావచ్చు. కాయిల్‌ను చూడడం తేలిక.

ఇంజన్ నుంచి ఆర్‌ఆర్ యూనిట్‌కు వచ్చే మూడు తీగల కనెక్టర్ పట్టుకోండి. మూడూ ఒకే రంగులో ఉంటాయి, చాలా బండ్లలో పసుపు లేదా ఆకుపచ్చ. ఇంజన్ ఆపి కనెక్టర్ విప్పండి. మీటర్ ఓమ్స్‌లో పెట్టి ఒక్కో తీగకూ ఇంజన్ బాడీకీ మధ్య చూడండి, ఏమీ చూపించకూడదు. చూపిస్తే కాయిల్ ఎర్తు అయినట్టు, అక్కడితో మాట ముగిసింది. తర్వాత తీగల మధ్య జంటలు జంటలుగా చూడండి. ఒక ఓమ్ కంటే తక్కువే ఉంటుంది, మూడు జంటలకూ ఒకేలా ఉండాల. మీటర్ పిన్నులు రెండూ కలిపితే వచ్చే అంకెను ముందే తీసేయాల, లేకపోతే తక్కువ రకం మీటర్లో ఏ కాయిల్ అయినా చెడ్డదిగానే కనిపిస్తుంది.

ఓమ్స్ బాగున్నంత మాత్రాన కాయిల్ బాగున్నట్టు కాదు. అసలు పరీక్ష ఏసీ వోల్టేజ్. కనెక్టర్ విప్పే ఉంచి స్టార్ట్ చేసి, జంటల మధ్య ఏసీ కొలవండి. అంకె ఎంత రావాలనేది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోండి. కానీ మూడు జంటలూ దాదాపు ఒకటే ఉండాల, రేసు పెంచితే మూడూ కలిసి పెరగాల. రెండు బాగా ఉండి ఒకటి సగమే ఉంటే ఆ ఫేజు వైండింగ్ పోయినట్టు. తీగలు తాకకుండా జాగ్రత్త, రేసు మీద ఆ ఏసీ షాక్ కొట్టేంత ఉంటుంది.

కనెక్టర్‌ను కూడా ఒకసారి వాసన చూడండి. కాలిన వాసన, గోధుమ రంగుకు తిరిగిన ప్లాస్టిక్ ఉంటే సగం సమాధానం అక్కడే.

పెన్నాగట్టు

ఎర్తు లేదు. మూడు జంటలూ ఒకటే. ఏసీ కూడా మూడింటికీ సమానంగా పెరుగుతాంది. కనెక్టర్ శుభ్రంగా ఉంది. అయితే ఆర్‌ఆర్ యూనిట్?

కుందూ_కరెంట్

ఆగండి. ఇప్పుడు వోల్టేజ్ ఎక్కడ రాలిపోతాందో చూడాల. ఇది పది నిమిషాల పని, ఒక్క రూపాయి ఖర్చు లేదు. సముద్రం నుంచి వచ్చిన బండి అన్నారు కాబట్టి నాకు మొదటి నుంచీ అనుమానం ఇక్కడే.

కాయిల్ కనెక్టర్ మళ్లీ తగిలించండి. మీటర్ డీసీ వోల్ట్స్‌లో పెట్టండి. ఎర్ర పిన్ను ఆర్‌ఆర్ యూనిట్ నుంచి బయటికి వచ్చే పాజిటివ్ తీగ దగ్గర, కనెక్టర్ వెనక నుంచి సన్నని సూదితో తాకించండి. నల్ల పిన్ను బ్యాటరీ పాజిటివ్ బోల్టు మీద. అంటే పాజిటివ్ దారి ఆ చివరా ఈ చివరా. ఇంజన్ 3,500 మీద నడవాల, కరెంటు పారకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు. 0.2 వోల్టు దాకా పర్వాలేదు. తర్వాత ఆర్‌ఆర్ యూనిట్ నల్ల తీగకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య అదే పని. అక్కడ కూడా 0.2 లోపే ఉండాల.

పెన్నాగట్టు

నెగటివ్ వైపు 0.1. పాజిటివ్ వైపు 1.6!

కుందూ_కరెంట్

దొరికింది. 12.7 కి 1.6, 0.1 కలపండి. 14.4. మీ ఆర్‌ఆర్ యూనిట్ తన కాళ్ల దగ్గర 14.4 ఇస్తాంది. దాని లెక్కలో పని అయిపోయింది, ఎక్కువైన కరెంటును వెనక్కి షార్ట్ చేసుకుంటూ కూర్చుంది. బ్యాటరీకి అందేది 12.7. ఆర్‌ఆర్ యూనిట్ మార్చినా ఇదే అంకె వచ్చేది, కాయిల్ మార్చినా ఇదే వచ్చేది.

ఇప్పుడు ఆ దారిని ముక్కలు చేయండి. ఆర్‌ఆర్ యూనిట్ నుంచి ఫ్యూజు పెట్టె లోపలికి వచ్చే కాలు దాకా ఒకసారి. ఛార్జింగ్ ఫ్యూజు ఒక కాలు నుంచి ఇంకో కాలుకు ఒకసారి. అక్కడి నుంచి బ్యాటరీ బోల్టు దాకా ఒకసారి. కాలు అంటే ఫ్యూజు పైన కనిపించే చుక్క కాదు, హోల్డర్ వెనక తీగ బిగించిన రేకు.

పెన్నాగట్టు

0.1, 1.4, 0.1. ఫ్యూజు తీసి కంటిన్యుటీ చూస్తే బీప్ అంటాంది, తెగలేదు. హోల్డర్ లోపల రేకులు పచ్చగా ఉన్నాయి. ఒక పక్క ప్లాస్టిక్ కొంచెం వంగింది.

హంద్రీ_వైండింగ్

బీప్ పరీక్ష చేసే మోసం ఇదే. మీటర్ పంపేది ఒక మిల్లీ ఆంపియర్ అటూ ఇటూ. అంత కరెంటుకు చిలుము పట్టిన రేకు కూడా దారి ఇస్తుంది. ఆరు ఆంపియర్లు పారితే అదే రేకు మీద 1.4 వోల్టులు రాలి, ఎనిమిది వాట్ల పైన వేడి పుడుతుంది. ప్లాస్టిక్ వంగింది అందుకే.

కుందూ_కరెంట్

రేకులు గీకి మళ్లీ పెట్టొద్దు. వేడెక్కిన రేకు పట్టు వదిలేసి ఉంటుంది, నాలుగు రోజులకు మళ్లీ ఇదే. హోల్డర్ మార్చాల. నీళ్లు చొరబడని రబ్బరు మూత ఉన్న బ్లేడ్ ఫ్యూజు హోల్డర్ తీసుకోండి. ఫ్యూజు పాతదాని మీద ఎంత రాసి ఉంటే అంతే వేయాల, పెంచకూడదు.

పాత తీగను కోసేటప్పుడు లోపల రాగి రంగు చూడండి. ఉప్పునీళ్లు తొడుగు లోపలికి పాకి తీగ నల్లబడి ఉంటుంది. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయాల. నల్లబడిన తీగకు థింబుల్ బిగించినా, సోల్డర్ పెట్టినా పట్టదు. కొత్త ముక్క వేయాల్సి వస్తే తగరం పూత ఉన్న రాగి తీగ, పాతదాని మందమే. క్రింపింగ్ చేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం వేడి చేయండి. నల్ల టేపు ఈ తేమలో నెలకే ఊడిపోతుంది.

చేయి పెట్టినారు కాబట్టి బ్యాటరీ లగ్గులు, ఇంజన్‌కు బిగించిన ఎర్తు బోల్టు, స్టార్టర్ రిలే రెండు బోల్టులు కూడా విప్పి ఉప్పుకాగితంతో తోమండి. వ్యాసలిన్ బిగించిన తర్వాత పైపూత మాత్రమే. ముందే రేకుల మధ్య పూస్తే సరిగ్గా తాకవు.

పాపాఘ్ని_పాయ

సరే కారు బ్యాటరీ వద్దు. లిథియం వేస్తే? బరువు తక్కువ, సెల్ఫ్ గట్టిగా కొడుతుంది.

ఆసిడ్_అబ్బాయి

ఛార్జింగ్ సరిగ్గా ఉన్న బండిలో, కంపెనీ ఒప్పుకున్న మోడల్ అయితే వేసుకోవచ్చు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 14.2 నుంచి 14.6 మధ్య ఛార్జ్ అడుగుతుంది, బండి అదే ఇస్తుంది. ఇబ్బంది ఏమంటే ఆర్‌ఆర్ యూనిట్ ఎప్పుడైనా పాడై 15 దాటిందంటే బ్యాటరీ లోపలి బీఎంఎస్ (దాన్ని కాపాడే సర్క్యూట్) బ్యాటరీని బండి నుంచి విడదీస్తుంది. అప్పుడు ఇంజన్ బ్యాటరీ లేకుండా నడుస్తున్నట్టే. ఈసీయూ గురించి పైన చెప్పిందే. మూసేసిన హల్, మన ఎండ, రెండూ లిథియంకు పడవు. అద్దెకు తిప్పే బండికి ఏజీఎం మేలు.

పెన్నాగట్టు

హోల్డర్ మార్చినా. తీగ నాలుగు అంగుళాలు నల్లగా ఉంటే కోసేసినా. ఇప్పుడు ఐడిల్ 13.6, 3,500 దగ్గర 14.2. ఆగి ఉన్నప్పుడు దిగేది కూడా దీంతో పోయినట్టేనా?

కుందూ_కరెంట్

పోదు. నడిచేటప్పుడు ఎక్కకపోవడం వేరు, ఆగినప్పుడు దిగడం వేరు. రెండో పరీక్ష కూడా చేయాల్సిందే.

లాన్యార్డ్ (నడిపేవాడు ఒంటికి కట్టుకునే తాడు కీ) తీసేయండి, అన్నీ ఆఫ్. బ్యాటరీ నెగటివ్ లగ్గు విప్పి, బోల్టుకూ లగ్గుకూ మధ్య మీటర్ ఆంపియర్లలో పెట్టండి. ఎర్ర పిన్నును మీటర్‌లో 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చడం మరవొద్దు. మొదట 10 ఆంపియర్ల రేంజి, అంకె చిన్నదైతేనే మిల్లీ ఆంపియర్లు. మీటర్ తగిలించి ఉండగా స్టార్ట్ బటన్ నొక్కొద్దు, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. తగిలించగానే అంకె ఎక్కువ కనిపిస్తుంది, డిస్‌ప్లే, ఈసీయూ మేలుకుంటాయి కదా. పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు చూడండి. క్లాంప్ మీటర్లతో ఈ పని కాదు, మామూలువి మిల్లీ ఆంపియర్లను పట్టలేవు.

పెన్నాగట్టు

పదిహేను నిమిషాల తర్వాత 46 మిల్లీ ఆంపియర్లు. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసినా, తగ్గలేదు.

హంద్రీ_వైండింగ్

ఆర్‌ఆర్ యూనిట్ కనెక్టర్ విప్పి చూడండి. లోపల డయోడ్ లీకైతే బ్యాటరీ కరెంటు వెనక్కి కాయిల్ లోకి పోతుంది. విప్పగానే 46 తగ్గితే దొంగ అదే.

పెన్నాగట్టు

విప్పినా 46 కదల్లేదు.

అవుకు_నీళ్లు

బిల్జ్ పంపు (హల్‌లో చేరిన నీళ్లు తోడేసేది) ఉందా? ఫ్యూజు పెట్టెను దాటి నేరుగా బ్యాటరీ బోల్టుకు బిగించిన సన్నని తీగలేమన్నా ఉన్నాయా? బయట బిగించిన ఏ సామానైనా అట్లే తగిలిస్తారు. ఫ్యూజులు తీసినా తగ్గకపోతే చూడాల్సింది ఆ తీగలనే.

పెన్నాగట్టు

ఉంది. నీళ్లు వస్తే తనంతట తానే తిరిగే సెన్సార్ రకం. నేరుగా బ్యాటరీకే బిగించినారు. దాని తీగ విప్పితే 3 మిల్లీ ఆంపియర్లకు పడింది.

కుందూ_కరెంట్

3 అంటే గడియారం, ఈసీయూ మెమరీ. అది ఉండాల్సిందే.

లెక్క చూడండి. 46 మిల్లీ ఆంపియర్లు రోజుకు 1.1 ఆంపియర్ అవర్. నాలుగు రోజులకు 4.4. నిండు బ్యాటరీ అయితే ముప్పావు మిగలాల, మీటర్ 12.5 చూపాల. మీకు 12.0 చూపించింది. అంటే బండి షెడ్డుకు వచ్చేటప్పటికే సగం ఖాళీ, ఆ సగం మీద పంపు సెన్సార్ ఇంకో పావు తాగింది. ఒక్కో లోపం విడిగా ఉంటే తెలిసేదానికి ఇంకా ఆలస్యమయ్యేది. రెండూ కలిసినందుకే ఇంత తొందరగా బయటపడింది.

పంపును తీసేయొద్దు, సెన్సార్‌ను మార్చండి. లోపలి బోర్డుకు ఉప్పు తేమ తగిలితే ఇట్లే లీకవుతుంది. మెకానికల్ ఫ్లోట్ స్విచ్ వేస్తే ఆగి ఉన్నప్పుడు సున్నా తాగుతుంది. పంపుకు విడిగా ఫ్యూజు ఉండాల, బ్యాటరీ బోల్టుకు జానెడు లోపలే. పంపు మీద ఎంత రాసి ఉంటే అంత.

అవుకు_నీళ్లు

అద్దెకు తిప్పేవాళ్లకు ఒక మాట. పది నిమిషాల రౌండ్లకు మాటిమాటికీ సెల్ఫ్ కొట్టడం వల్లే బ్యాటరీ దిగుతుందని చాలామంది అంటారు. ఛార్జింగ్ బాగున్న బండిలో అది నిజం కాదు. సెల్ఫ్ 150 ఆంపియర్లు రెండు సెకన్లు లాగినా అయ్యేది 0.08 ఆంపియర్ అవర్. మిగులు ఛార్జ్ మూడు ఆంపియర్లున్నా రెండు నిమిషాల్లో తిరిగి వస్తుంది. దించేది వేరే ఉంది: ఇంజన్ ఆపి లాన్యార్డ్ తగిలించే ఉంచి, డిస్‌ప్లే వెలుగుతుండగా టికెట్ల దగ్గర మాట్లాడుకుంటా నిలబడటం. ఎలక్ట్రిక్ బ్రేకు, రివర్స్ ఉండే మోడళ్లలో ఇది ఇంకా ఎక్కువ. అందుకని ప్రతి రౌండుకూ లాన్యార్డ్ తీసేయాల. ఒడ్డున గంటసేపు ఐడిల్‌లో పెట్టడం కూడా ఛార్జింగ్ అనుకోవద్దు, అక్కడ వచ్చేది ఇంజన్ ఖర్చుకే సరి.

అనంత_ఎండ (అనంతపురం)

పాత మోడల్ బండికి ఆసిడ్ పోసే రకం బ్యాటరీ, వైబీ16సీఎల్-బీ, 19 ఆంపియర్ అవర్. దానికి ఆర్‌ఓ నీళ్లు పోయొచ్చా? ఎండాకాలం లెవెల్ తొందరగా పడిపోతాంది.

ఆసిడ్_అబ్బాయి

పోయొద్దు. ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలు మిగిలే ఉంటాయి, అనంతపురం బోరు నీళ్లు ఎంత గట్టివో మీకే తెలుసు. క్లోరైడు, ఇనుము చేరితే బ్యాటరీ ఏ లోడూ లేకపోయినా లోపలే దిగుతుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. పోయాల్సింది నిండా ఛార్జ్ అయినాక, పై గీత దాకా. ఛార్జ్‌కు ముందే నింపితే గ్యాసు లేచేటప్పుడు పొంగి ఆసిడ్ బయటికి వస్తుంది. ప్లేట్లు తేలి ఉంటే మాత్రం ముందు మునిగేంత పోసి, మిగతాది తర్వాత. ఆసిడ్ ఎప్పుడూ కలపొద్దు.

లెవెల్ మరీ తొందరగా పడితే ఛార్జ్ వోల్టేజ్ చూడండి. 14.8 దాటుతుంటే ఆర్‌ఆర్ యూనిట్ ఎక్కువ తోస్తున్నట్టే. హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లూ చూడండి, నిండినప్పుడు 1.260 నుంచి 1.280 ఉండాల. ఒక సెల్ మిగతావాటికన్నా 0.050 తక్కువ ఉంటే అది పోయింది, మిగతా ఐదూ బాగున్నా లాభం లేదు. పక్కన ఉండే సన్నని గ్యాసు గొట్టం నలగకుండా, హల్ బయటికి పోయేలా ఉందో లేదో చూడండి.

ఇక వేడి. పది డిగ్రీలు పెరిగితే తనంతట తాను దిగే వేగం దాదాపు రెట్టింపు. రేకుల షెడ్డులో మూసి ఉన్న హల్ లోపల మే నెల మధ్యాహ్నం 50 దాటుతుంది. వారం మించి తిప్పకపోతే బ్యాటరీ తీసి ఇంట్లో చల్లని గది నేల మీద పెట్టండి. సిమెంటు నేల ఛార్జ్ లాగేస్తుందన్న భయం వద్దు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అది వర్తించదు. ఛార్జ్ తెల్లవారుజామున పెట్టండి. 25 డిగ్రీలకు 14.7 అడిగే ఏజీఎంకు 42 డిగ్రీల్లో 14.4 చాలు. ఉష్ణోగ్రతను బట్టి తనే తగ్గించుకునే ఛార్జర్ ఉంటే ఇంకా మంచిది.

పెన్నాగట్టు

ఫ్లోట్ స్విచ్ వేసినా. ఆగి ఉన్నప్పుడు 3 మిల్లీ ఆంపియర్లే. నాలుగు రోజుల తర్వాత 12.78. నీళ్లు తగ్గి రెండు నెలలు ఆగాల్సి వస్తే 10 వాట్ల సోలార్ ప్లేటు తగిలించి వదిలేయొచ్చా?

కుందూ_కరెంట్

నేరుగా తగిలించొద్దు. 12 వోల్టుల ప్లేటు అని పేరే గానీ ఎండలో 18 దాటుతుంది. 10 వాట్లంటే మిట్టమధ్యాహ్నం అర ఆంపియర్ పైనే, నిండిన 18 ఆంపియర్ అవర్ బ్యాటరీకి రోజూ అది ఎక్కువ, మెల్లగా ఎండిపోతుంది. ఏజీఎం సెట్టింగు ఉన్న చిన్న కంట్రోలర్ మధ్యలో పెడితే పెట్టొచ్చు.

నిజానికి అంత అవసరం లేదు. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టండి, ఆ 3 మిల్లీ ఆంపియర్లు కూడా ఉండవు. మూడు వారాలకొకసారి మీటర్ పెట్టి, 12.6 కిందికి వస్తే ఆ 2 ఆంపియర్ల ఛార్జర్ ఒక రాత్రి తగిలిస్తే చాలు. విప్పిన లగ్గులకు టేపు చుట్టి పక్కకు కట్టేయండి, కొత్త ఫ్యూజు హోల్డర్ మూత బిగుసుకుందో లేదో ఒకసారి చూసుకోండి.